బైపాస్ పడినా నిలిచిన పాత బంకు

బైపాస్ పడిందంటే రోడ్డు పక్క ఊళ్ళవారికి దిగులే. బస్సులు, లారీలు ఊళ్ళోకి రావు. టీ కొట్టు, పంక్చర్ షాపు, పెట్రోలు బంకు ఒక్కొక్కటిగా మూతపడతాయి. ఇదే కష్టం అమెరికాలో ఓడెల్ అనే చిన్న ఊరికి 1940లలోనే వచ్చింది. అక్కడి బంకు సంగతి మన పంచాయతీలు కూడా తెలుసుకోదగినది.

ఇలినాయ్ రాష్ట్రంలోని ఓడెల్ జనాభా సుమారు వెయ్యి మాత్రమే. షికాగో నుండి పడమటి సముద్రతీరానికి పోయే 66వ నంబరు రహదారి 1926లో ఏర్పడింది. అది ఈ ఊరి మధ్య నుండే వెళ్ళేది. పిల్లలు, చర్చికి వెళ్ళేవారు రోడ్డు దాటడానికి 1930లలో దాని కింద నుండి దారి తవ్వవలసి వచ్చిందంటే రద్దీ ఎంతటిదో ఊహించవచ్చు.

1932లో పాట్రిక్ ఓడోనెల్ అనే కాంట్రాక్టరు ఇక్కడ బంకు కట్టాడు. చూడటానికి అది చిన్న పెంకుటిల్లు మాదిరి ఉంటుంది. ముందున్న చావడి నీడలో కారు ఆగితే పెట్రోలు పోసేవారు. అంత చిన్న ఊళ్ళో మరో 9 బంకులు పోటీ. అందుచేత కొంతకాలానికి రెండు కార్లు పట్టే రిపేరు షెడ్డు కూడా కలిపారు.

బైపాస్ వచ్చాక వాహనాలు ఊరి బయటి నుండే పోసాగాయి. 1960లలో పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. అయినా తాళం పడలేదు. దెబ్బతిన్న కార్ల సొట్టలు తీసి, రంగులు వేసే షాపుగా నడిచింది. 1975లో అదీ మూతపడింది. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా భవనం పాడుపడి ఉన్నది.

1997లో దానికి జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చోటు దక్కింది. 1999లో ఊరి పాలక సంఘమే దానిని కొన్నది. పాత రోడ్డుపై అభిమానం గల సంఘం వారు చేయి కలిపి బాగుచేశారు. ఇప్పుడక్కడ పెట్రోలు దొరకదు. పాత రహదారిని చూడ వచ్చేవారికి వివరాలు చెప్పే కేంద్రంగా ఉన్నది. ఊరిని దాటిపోయే కార్లు కొన్నయినా మళ్ళీ లోపలికి తిరుగుతున్నాయి.

మన రోడ్ల పక్కనా మూతపడిన బంకులు, పాత సత్రాలు ఉన్నాయి. పడగొట్టక ముందు అవి ఊరికి ఎందుకు పనికివస్తాయో గ్రామసభలో ఒకసారి మాట్లాడుకోవటం మంచిది.