తాతయ్యకి లేని మనుషులు కనిపిస్తున్నారా?

"ఆ మూల కూర్చున్న పిల్లలెవరే?" అని తాతయ్య అడుగుతారు. అక్కడ ఎవరూ ఉండరు. ఇంట్లో ఒకరు చాదస్తం అంటారు, ఇంకొకరు గాలి సోకిందంటారు. మర్నాడు ఆయనే పేపర్ చదివి రాజకీయాలు మాట్లాడతారు. "బానే ఉన్నారుగా" అని అందరం వదిలేస్తాం. లూయీ బాడీ డిమెన్షియా దొరక్కుండా తప్పించుకునేది సరిగ్గా ఇక్కడే.

అసలేంటిది?

మెదడు కణాల్లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దలు కడుతుంది. ఈ ముద్దల్ని 1912లో ఫ్రెడరిక్ లూయీ అనే డాక్టర్ గుర్తించారు కాబట్టి ఆ పేరు. హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్‌కి ముందు పార్కిన్సన్స్ అన్నారు. అసలు జబ్బు ఇదని 2014లో ఆయన చనిపోయాక, పోస్ట్‌మార్టంలో తేలింది.

ఈ నాలుగూ గమనించండి

1. ఒక పూట చురుగ్గా, ఇంకో పూట అయోమయంగా ఉండటం.
2. లేని మనుషులు, జంతువులు పదేపదే స్పష్టంగా కనిపించడం.
3. నిద్రలో కలకి తగ్గట్టు అరవడం, చేతులు కాళ్లు విసరడం. ఇది మతిమరుపు కంటే ఎన్నో ఏళ్ల ముందే మొదలవ్వొచ్చు.
4. నడక నెమ్మదించడం, ఒళ్లు బిగుసుకోవడం, వణుకు.

ఆలోచనాశక్తి తగ్గడంతో పాటు వీటిలో రెండు ఉంటే డాక్టర్లు ఈ జబ్బుని గట్టిగా అనుమానిస్తారు. మొదట్లో జ్ఞాపకశక్తి బాగానే ఉండొచ్చు. అందుకే "అన్నీ గుర్తున్నాయిగా" అని ధీమా పడొద్దు.

పేరు తెలిస్తే ఏంటి లాభం?

ప్రాణం. లేనివి కనిపిస్తున్నాయని హాలోపెరిడాల్ లాంటి మందు ఇస్తే ఈ పేషెంట్లలో కొందరికి ఒళ్లు కొయ్యబారిపోతుంది, స్పృహ తగ్గుతుంది, ప్రాణం మీదకి కూడా రావచ్చు. అర్ధరాత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లినా "లూయీ బాడీ అనుమానం ఉంది" అని ముందే చెప్పండి. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కానీ రివాస్టిగ్మిన్, డోనెపెజిల్ లాంటివి చాలామందికి కొంత ఊరటనిస్తాయి. ఏ మందైనా డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టాలి, ఆపాలి.

మీ ఫోన్‌తో పని ఉంది

మా సాఫ్ట్‌వేర్‌లో అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే బగ్‌ని పట్టుకోవడం మహా కష్టం. డెవలపర్ చూసేటప్పుడు అది రాదు. లాగ్ ఉంటేనే దొరుకుతుంది. ఇదీ అంతే. డాక్టర్ ముందు కూర్చున్న పది నిమిషాలూ తాతయ్య చక్కగా సమాధానాలు చెప్పేస్తారు. అందుకే రెండు వారాలు నోట్స్ యాప్‌లో రాయండి: ఏ టైమ్‌కి, ఏం జరిగింది, ఎంతసేపు, అంతకుముందు ఏ మందు వేసుకున్నారు. నడకని చిన్న వీడియో తీయండి. రాత్రి కదలికల గురించి పక్కన పడుకునే నానమ్మని అడగండి. ఇవన్నీ న్యూరాలజిస్ట్‌కి చూపించండి. అయోమయం ఒక్కసారిగా, ఒకట్రెండు రోజుల్లోనే వస్తే మాత్రం లాగ్ కోసం ఆగొద్దు. ఇన్ఫెక్షన్ కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంట్లో ఏం చేయాలి?

"అక్కడెవరూ లేరు" అని వాదించకండి. భయపడుతున్నారేమో అడగండి, లైట్ వేయండి, మాట మార్చండి. కాళ్లకి అడ్డొచ్చే పట్టాలు తీసేయండి. నిద్రలో చేతులు విసురుతుంటే మంచం పక్కన గాజు వస్తువులు ఉంచొద్దు. చూసుకునే అమ్మకి వారంలో ఒక పూటైనా మీరు సెలవివ్వండి. ఎవర్ని అడగాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, ఉచితం.

డాక్టర్ ఆయన్ని చూసేది పది నిమిషాలు. మిగతా రోజంతా చూసేది మనమే.