ఎయిర్ గన్‌కు ఏ సైజు పెల్లెట్?



తిరునాళ్ళలో బుడగలు కట్టిన బోర్డు ముందు నిలబడి మీలో చాలామంది ఎయిర్ గన్ పేల్చే ఉంటారు. అలాంటిది మన ఇంట్లోనూ ఒకటి ఉంటే బాగుండుననిపించడం సహజం. పిల్లలకు గురి నేర్పాలని కొందరు, చేని మీద పడే పిట్టల్ని తోలాలని ఇంకొందరు కొనాలనుకుంటారు. నలుగురిని సలహా అడిగితే మాత్రం ఒకరు "పాయింట్ వన్ సెవెన్ సెవెన్ చాలు" అంటారు, మరొకరు "పాయింట్ టూ టూ తీసుకో, దెబ్బ గట్టిగా తగులుతుంది" అంటారు. ఈ రెండింటికీ తేడా ఏమిటి, మనకు తగింది ఏది అన్నది ఇవాళ చూద్దాం.

ఈ అంకెలు పెల్లెట్ లావును అంగుళాల్లో చెబుతాయి. మొదటిది నాలుగున్నర మిల్లీమీటర్లు, రెండవది అయిదున్నర. తేడా ఒక్క మిల్లీమీటరే కదా అనుకోకండి. లావుతో పాటు పొడవూ పెరుగుతుంది కాబట్టి బరువు దాదాపు రెట్టింపవుతుంది. చిన్న పెల్లెట్ సుమారు అర గ్రాము తూగితే, పెద్దది సుమారు ఒక గ్రాము తూగుతుంది.

ఒకే ఎద్దుల జతను ఖాళీ బండికి ఒకసారి, బస్తాలు వేసిన బండికి ఒకసారి కట్టి చూడండి. ఏది వేగంగా పోతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడా అంతే. చిన్న పెల్లెట్ సెకనుకు 175 మీటర్ల వేగంతో బయలుదేరితే, అంతే శక్తితో నెట్టిన పెద్ద పెల్లెట్ 124 మీటర్ల వేగమే అందుకుంటుంది. ఇరవై మీటర్ల దూరం చేరేసరికి, గాలి అడ్డును పక్కన పెట్టి లెక్కేస్తే, చిన్నది గొట్టం గీత నుంచి 6 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. పెద్దది 13 సెంటీమీటర్లు జారుతుంది. అంటే దూరం అంచనా కొంచెం తప్పినా చిన్న పెల్లెట్ గురి అంతగా చెడదు.

పెద్ద పెల్లెట్‌కూ గుణాలు లేకపోలేదు. గాలివాటుకు తక్కువగా పక్కకు పోతుంది, వెడల్పుగా తగులుతుంది. అందుకే ఇంగ్లండు వంటి దేశాల్లో కుందేళ్ళ వేటకు దాన్ని ఎక్కువగా వాడతారు. కానీ మనకు కావలసింది వేట కాదు, గురి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలన్నీ నాలుగున్నర మిల్లీమీటర్ల పెల్లెట్‌తోనే జరుగుతాయి. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిందీ, 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిందీ ఈ చిన్న పెల్లెట్‌తోనే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే!

ఇక చట్టం మాట. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం నాలుగున్నర మిల్లీమీటర్లు దాటినా, శక్తి 20 జౌళ్ళు దాటినా లైసెన్సు తప్పనిసరి. ఇది కేంద్ర చట్టం. మీరు హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, రాయగడలో ఉన్నా, యానాంలో ఉన్నా ఒకటే. పొలిమేర దాటి పక్క రాష్ట్రంలో కొన్నంత మాత్రాన నిబంధన మారదు. కాబట్టి ఆ ఒక్క మిల్లీమీటరు తేడా మిమ్మల్ని కేసులో ఇరికించగలదు. కొనేముందు గొట్టం సైజు, శక్తి ఎంతో రాతపూర్వకంగా చూసుకోండి. రసీదు భద్రపరచండి.

పంట కాపలా కోసం అడిగే రైతు సోదరులకు ఒక మాట. చిలుకను గాని, నెమలిని గాని కొడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పెల్లెట్ చిన్నదైనా పెద్దదైనా అంతే. పైగా దెబ్బ తిన్న ప్రాణి వెంటనే చావదు, పుండు పడి రోజుల తరబడి బాధపడుతుంది. చేనికి మెరిసే రిబ్బన్లు కట్టండి, డప్పు కొట్టండి. తుపాకి మాత్రం వద్దు.

కొన్నాక ఈ జాగ్రత్తలు పాటించండి. కాగితం మీద గురికి తల చదునుగా ఉన్న పెల్లెట్ మంచిది, రంధ్రం శుభ్రంగా పడుతుంది. ఒకసారి వాడినదాన్ని మళ్ళీ గొట్టంలో పెట్టకండి. స్ప్రింగు తుపాకిని పెల్లెట్ లేకుండా ఉత్తినే పేలిస్తే లోపలి భాగాలు దెబ్బతింటాయి. పెల్లెట్ సీసంతో చేసినది కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టండి. గురి వెనుక ఇసుక నింపిన పెట్టె ఉండాలి. రాయి, గట్టి గోడ ఉంటే పెల్లెట్ ఎగిరి వెనక్కి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పెద్దవాళ్ళు పక్కన లేకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. అర గ్రాము సీసం కంటిని శాశ్వతంగా పోగొట్టగలదు.

దెబ్బ గట్టిగా తగలాలన్న మాట మరచిపోండి. చిన్న పెల్లెట్ తీసుకోండి, కాగితం మీద గురి పెట్టండి, ఓపికగా సాధన చేయండి. సెలవు.