చూడటానికి ఆగడం కూడా ఆరాధనే!

కొండమీది ప్రసంగంలో చింతించవద్దని చెప్పిన వెంటనే యేసుప్రభువు తన శ్రోతలకు ఒక పని అప్పగించాడు. అది ఉపవాసం కాదు, సుదీర్ఘమైన ప్రార్థనా కాదు. తలెత్తి పక్షులను గమనించమన్నాడు, తర్వాత పొలంలోని పూలను గమనించమన్నాడు (మత్తయి 6:26, 28). ఈ వాక్యభాగం మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. అయితే ఆ ఆజ్ఞకు లోబడి ఒక్క రోజైనా పక్షులను చూశానా అంటే, యాభై ఏళ్లు దాటేదాకా చూడలేదు. చూసేలా చేసింది ఒక తుపాను, ఒక ముసలితల్లి మాట, మా అమ్మాయి చేతిలోని చిన్న కెమెరా.

2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి వీచింది. ఉద్దానం అంటే ఉద్యానవనమేనని మా పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలో ఇళ్లు దాగి ఉండే ప్రాంతమిది. తెల్లారేసరికి ఆ నీడ లేదు. నిన్నటిదాకా కనిపించని పొరుగూరు మా వాకిట్లోంచి కనిపించింది. కొబ్బరిచెట్టును కన్నకొడుకుతో సమానంగా చెప్పుకునే రైతులు పడిపోయిన మాను పక్కన కూర్చుని, చావింటికి వచ్చినవాళ్లలా మాట లేకుండా ఉండిపోయారు.

ఆనాటి నుంచి మా చిన్న సంఘానికి పనే పని. బియ్యం, కొవ్వొత్తులు, టార్పాలిన్లు, మంచినీళ్లు పంచాం. కరెంటు లేని రోజుల్లో రాత్రిళ్లు లాంతరు వెలుగులో పేర్లు రాసుకున్నాం. నష్టపరిహారానికి పనికొస్తాయని జనం తమ తోటల ఫొటోలు తీయించుకున్నారు. నా ఫోన్‌లో కూడా అవే నిండాయి. విరిగిన చెట్టు, కూలిన గోడ, ఎగిరిపోయిన రేకులు, మళ్లీ విరిగిన చెట్టు. నవంబరు గడిచింది, క్రిస్మస్ కూడికలు వచ్చాయి. ఒక్క రోజు కూడా ఆగలేదు. ప్రభువు పనిలో అలసట ఏమిటని నన్ను నేనే గద్దించుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ గద్దింపులో కొంత గర్వం కూడా ఉంది.

డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం మా సంఘంలోని ఒక వృద్ధురాలు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నేను కాగితాల్లోంచి తల ఎత్తలేదు. “పాసుపుస్తకం జిరాక్సు తెచ్చావా అమ్మా?” అని అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: “కాయితం కోసం రాలేదు అయ్యగారూ. డయాలసిస్‌కి ఎల్లొచ్చిన కాడ్నుంచి మా ఇంటాయనకి బాగోలేదు. పార్థన సేయించుకుందామని వచ్చాను.”

ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. ఆ ఇంటి సంగతి నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం నాకు ఆమె కనిపించలేదు, జాబితాలో ఒక పేరు మాత్రమే కనిపించింది. ప్రార్థన చేశాను. ఆమె వెళ్లాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

బేత్సయిదాలో ప్రభువు ఒక గుడ్డివాణ్ణి బాగుచేసిన సంగతి మనకు తెలుసు. మొదటిసారి తాకినప్పుడు అతనికి మనుషులు నడిచే చెట్లలా కనిపించారు. ప్రభువు మళ్లీ అతని కన్నుల మీద చేతులుంచాకే అంతా తేటగా కనిపించింది (మార్కు 8:22-25). చూపు ఉన్నంత మాత్రాన చూడగలమని కాదు. మా సోంపేటలోని ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడా బాప్తిస్టు మిషనరీ వైద్యుడు డాక్టర్ బెన్ గల్లిసన్ ఏళ్ల తరబడి పేదల కళ్లకు ఆపరేషన్లు చేశారు. ఆయన సేవకు అండగా 1963లో కెనడాలోని కాల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి చొరవతో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ పుట్టింది. ఆ సంస్థ పుట్టుకకు కారణమైన గడ్డ మీద పుట్టి పెరిగిన నాకు కళ్లు బాగానే ఉన్నాయి. కాని అలసట శుక్లంలా పొర కమ్మింది. మనుషులు చెట్లలా కనిపిస్తున్నారు. నాకు ప్రభువు రెండోసారి తాకడం అవసరమైంది.

ఆ రాత్రి నా భార్య ఒక్క మాటే అంది. “ఏమండీ, శిష్యులకు భోజనం చేయడానికైనా తీరిక లేనప్పుడు ప్రభువు ఇంకా పని చేయమన్నాడా, పక్కకు వచ్చి విశ్రమించమన్నాడా?” (మార్కు 6:31). పాతికేళ్లుగా నేను ఇతరులకు చెప్పిన వాక్యం అది. జవాబు లేకపోయింది.

కొత్త సంవత్సరపు ఆరాధన అయిపోయాక ఒక సోమవారం మా అమ్మాయి నన్ను తీసుకుని బయలుదేరింది. “నాన్నా, ఈ ఒక్క రోజు ఫోన్ ఇంట్లో పెట్టి రా” అంది. పలాస నుంచి జాతీయ రహదారి మీద టెక్కలి చేరి, అక్కడి నుంచి లోపలికి తిరిగి తేలినీలాపురం వెళ్లాం. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టుకునే ఊరు అది. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి, పిల్లల్ని పెంచుకుని, వేసవి ముదిరేలోగా వెళ్లిపోతాయి. దగ్గరలోని నౌపడ ఉప్పు మడుల చుట్టుపక్కల చిత్తడి నేలల్లో వాటికి చేపలు దొరుకుతాయి. గూళ్లు మాత్రం మనుషుల ఇళ్ల నడుమ, చింతచెట్ల మీదే. కింద రెట్టలు పడతాయి, చేపల వాసన వస్తుంది. అయినా ఊరివాళ్లు తరమరు. వీధి అరుగు మీద కూర్చున్న ఒక అవ్వను ఎందుకని అడిగితే, “పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్ని ఎవురైనా ఎల్లగొడతారా బాబూ?” అని నవ్వింది.

ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మా ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు. నిజానికి ఈ రెండు జాతులూ భారత ఉపఖండంలో, ఆగ్నేయాసియాలో నివసించేవేనని పక్షుల్ని అధ్యయనం చేసేవారు చెబుతారు. ఎంత దూరం నుంచి వచ్చినా అవి వేళ తప్పవు. యిర్మీయా ప్రవక్త ఆశ్చర్యపోయింది దీని గురించే. ఆకాశంలో ఎగిరే సంకుబుడి కొంగకు తన కాలం తెలుసు, దేవుని ప్రజలకు మాత్రం ఆయన న్యాయవిధి తెలియదని అతడు దుఃఖించాడు (యిర్మీయా 8:7). ఎప్పుడు రావాలో, ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు గూటిలో కదలకుండా కూర్చోవాలో కొంగకు తెలుసు. కూర్చోవలసిన వేళ నాకు తెలియలేదు.

మా అమ్మాయి కెమెరా నా చేతికి ఇచ్చింది. మొదట తీసినవన్నీ మసకే. రెక్క సగం, కొమ్మ సగం. “తొందరపడకు నాన్నా, అదే వస్తుంది” అంది. అరగంట నిలబడ్డాక తల్లి గూడబాతు దిగింది. కూన తల్లి ముక్కు కింది సంచిలోకి తల దూర్చి మేత అందుకుంది. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. ఆ ఫొటో గొప్పగా ఏమీ రాలేదు. కాని ఆ అరగంటలో నేను ఏ జాబితా గురించీ ఆలోచించలేదు. ఎన్నో వారాల తర్వాత కృతజ్ఞతాస్తుతి దానంతటదే నోటికి వచ్చింది. కెమెరా నాకు నేర్పింది ఇదే: చిత్రం కావాలంటే చెయ్యి నిలవాలి, చెయ్యి నిలవాలంటే మనసు నిలవాలి.

లండన్‌లోని ఆల్ సోల్స్ చర్చి కాపరిగా, బైబిలు బోధకుడిగా ప్రపంచమంతా తెలిసిన జాన్ స్టాట్ (1921-2011) ఏ దేశం వెళ్లినా బైనాక్యులర్స్ వెంట తీసుకెళ్లేవారు. పక్షులను గమనించమన్న ప్రభువు మాటను ఆయన అక్షరాలా ఆజ్ఞగానే తీసుకున్నారు. తాను తీసిన ఫొటోలతో పక్షులే మన ఉపాధ్యాయులనే అర్థం వచ్చే పుస్తకాన్ని 1999లో ప్రచురించారు. నెలకు ఒక రోజు పనులన్నీ పక్కనపెట్టి నిశ్శబ్దంగా గడపడం ఆయన అలవాటు. వేల్స్ సముద్రతీరంలోని ఒక చిన్న ఇంట్లో ఏకాంతంగా కూర్చుని తన పుస్తకాలెన్నో రాశారు. అంత పని చేసిన మనిషి అంత విశ్రాంతి తీసుకున్నాడు. ఆ విశ్రాంతి ఆయన సేవను తగ్గించలేదు.

మనం విశ్రాంతిని పని చేసినందుకు దొరికే కూలి అనుకుంటాం. ఆదికాండం వేరే వరుస చూపిస్తుంది. ఆరో రోజున సృష్టి అయిన మనిషికి దొరికిన మొదటి పూర్తి దినం ఏడో దినం, అంటే విశ్రాంతి దినమే. అలసి చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు మొదట ఉపదేశం ఇవ్వలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టించాడు (1 రాజులు 19:5-8). అలాగే చేతిపనిని, కళను తక్కువ చేయడం కూడా మన సంఘాల్లో ఉంది. అయితే దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపింది ప్రసంగం కోసం కాదు, బంగారంతో, రాళ్లతో, కర్రతో అందమైనవి చేయడం కోసం (నిర్గమ 31:1-5). ఫొటో తీయడం, బొమ్మ గీయడం, పాట కట్టడం, పూలమొక్క పెంచడం భక్తికి శత్రువులు కావు.

“ఇదంతా తీరిక ఉన్నవాళ్ల మాట అయ్యగారూ” అని మీరనవచ్చు. న్యాయమైన మాటే. పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలు వలిచే అమ్మలకు ఎంత పని చేస్తే అంత కూలి. వారానికి పలుమార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి సెలవు ఎక్కడ? అందుకే ధర్మశాస్త్రం విశ్రాంతిని కలిగినవాళ్ల విలాసంగా వదిలేయలేదు. దాసుడు, దాసి, పరదేశి, చివరికి ఎద్దు, గాడిద కూడా విశ్రమించాలంది (ద్వితీ 5:14). మనం సెలవు తీసుకోవడం సగం ఆజ్ఞే. మన దగ్గర పనిచేసేవాళ్లకు కూలి కోయకుండా సెలవు ఇవ్వడం మిగతా సగం. రోగి దగ్గర రాత్రింబవళ్లు ఉండే ఇల్లాలి చోట ఒక పూట కూర్చుని ఆమెను బయటి గాలికి పంపితే, ఆ సంఘం విశ్రాంతి దినాన్ని నిజంగా ఆచరించినట్టే.

దూరం వెళ్లనక్కరలేదు. మన తీరంలో ఏ రుతువు కారుతువే ఒక పాఠం. జనవరిలో జీడిమామిడి పూత వాసన. చలికాలం చివర్లో ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు. వేసవిలో మానుకే వేలాడే పనసకాయలు. తొలకరి వేళ ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే కొంగలు. బరువ తీరంలో తెల్లవారే వెలుగు. రుతువుకు ఒకసారి ఒకే చోటికి వెళ్లి, కాసేపు కూర్చుని, ఒక్క ఫొటో తీసి చూడండి. అయితే హద్దులు ఉండాలి. గూళ్ల దగ్గరకు వెళ్లి పక్షులను బెదరగొట్టకూడదు. రాత్రి తాబేళ్ల మీద ఫ్లాష్ వేయకూడదు. ఎంతమంది మెచ్చుకున్నారని ఫోన్ పదేపదే తెరిచి చూసుకుంటే ఆ విశ్రాంతి కూడా చాకిరీ అయిపోతుంది. ఆరాధనలో కెమెరా సంచిలోనే ఉండాలి.

ఆ వృద్ధురాలి సంగతి చెప్పి ముగిస్తాను. తేలినీలాపురం నుంచి వచ్చిన మర్నాడే వాళ్లింటికి వెళ్లాను. ఈసారి చేతిలో కాగితాలు లేవు. ఆమె భర్తతో చాలాసేపు కూర్చున్నాను. 2019 తొలకరికి ఆయన పెరట్లో ఒక కొబ్బరి మొక్క నాటాడు. కాపుకు ఆరేడేళ్లు పడుతుందని ఆయనకు తెలుసు. తన ఆరోగ్యం సంగతీ తెలుసు. “మనం తాగిన నీళ్లు మనం నాటిన చెట్టువి కావు కదా అయ్యగారూ” అన్నాడు. అప్పటి నుంచి ఏటా అక్టోబరు 11న ఆ మొక్కకు ఒక ఫొటో తీస్తున్నాను. సమూయేలు ఒక రాయి నిలబెట్టి ఎబెనెజరు అని పేరు పెట్టాడు, ఇంతవరకు దేవుడు చేసిన సహాయానికి గురుతుగా (1 సమూ 7:12). నా రాయి ఆ ఫొటోల వరుస.

మొదటి ఫొటోలో మొక్క పక్కన ఆయన ఉన్నాడు. మూడో ఫొటో నాటికి ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లిపోయాడు. 2025 అక్టోబరు ఫొటోలో చెట్టుకు మొదటి గెల ఉంది. కెమెరా సర్దుకుంటుంటే ఆమె కొంగు సవరించుకుని చెట్టు కిందికి వచ్చి నిలబడింది. “ఎప్పుడూ సెట్టునే తీస్తారేటి అయ్యగారూ? ఈపాలి నన్ను కూడా తియ్యండి” అంది.

తీశాను. ఈసారి ఆమె ముఖాన్ని తేటగా చూశాను.