ఫార్మాట్ కొట్టించే ముందు

రోజూ రాత్రి కంప్యూటర్‌ను శ్రద్ధగా షట్‌డౌన్ చేసే ఇళ్లలో కూడా ఒక వింత కనిపిస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగానికి వెళ్లి, సీపీయూ మీద నొక్కి, ‘అప్ టైమ్’ దగ్గర చూస్తే ఆ యంత్రం పది పదిహేను రోజులుగా ఆగకుండా నడుస్తున్నట్టు లెక్క చూపిస్తుంది. ఆ లెక్క సరైనదే. 2012లో వచ్చిన విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు తెచ్చింది. అది పనిచేస్తున్న కంప్యూటర్లో షట్‌డౌన్ నొక్కితే, తెరిచి ఉన్న ప్రోగ్రాములు మూతపడతాయి గానీ విండోస్ మూలభాగమైన కెర్నెల్, డ్రైవర్లు ఏ స్థితిలో ఉన్నాయో అదే స్థితిలో డిస్కు మీద భద్రమవుతాయి. పొద్దున స్విచ్ వేయగానే ఆ స్థితే తిరిగి మెమరీలోకి వస్తుంది. దీనివల్ల తెర త్వరగా వెలుగుతుంది, కానీ నిన్నటి చిక్కు కూడా వెంటే వస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. ప్రింటర్ మొరాయించినా, స్పీకర్ మూగబోయినా ముందు చేయాల్సింది రీస్టార్ట్. నాలుగైదు రోజులకోసారి ఎలాగూ చేయడం మంచిది.

సిస్టమ్ స్లో అయిందనగానే మన దగ్గర మొదట వినిపించే సలహా ‘ఫార్మాట్ కొట్టించండి’. కొట్టిస్తే వేగం పెరిగే మాట నిజమే. అయితే దాంతోపాటు ప్రింటర్ డ్రైవర్లు, తెలుగు ఫాంట్లు, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు, పక్కన తీసి పెట్టడం మరచిపోయిన పిల్లల ఫొటోలు కూడా పోతాయి. పైగా కారణం ఏమిటో ఎవరూ చూడలేదు కాబట్టి కొన్నాళ్లకు కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఆ కారణం దాదాపు ఎప్పుడూ కళ్లకు కనిపించే చోటే ఉంటుంది. ఎక్కడ చూడాలో తెలిస్తే, దాన్ని సరిచేసే పని ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు.

టాస్క్ మేనేజర్‌లోనే ‘స్టార్టప్’ అనే విభాగం ఉంది. కంప్యూటర్ తెరుచుకోగానే ఎవరూ పిలవకుండా తామే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా అది. మీటింగుల యాప్, పాటల యాప్, ఎప్పుడో కొన్న ప్రింటర్ తాలూకు సహాయక ప్రోగ్రాం, అప్‌డేట్లు వెతికే చిన్నాచితకా ప్రోగ్రాములు అందులో వరుసగా కనిపిస్తాయి. ఒక్కోటి ఎంత భారం మోపుతోందో హై, మీడియం, లో అని పక్కనే రాసి ఉంటుంది. అక్కర్లేనిదాని మీద కుడి క్లిక్ చేసి ‘డిసేబుల్’ చేస్తే సరిపోతుంది. ఆ ప్రోగ్రాం ఎక్కడికీ పోదు, మనం తెరిచినప్పుడే తెరుచుకుంటుంది. కావాలంటే మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు. యాంటీవైరస్, సౌండ్ డ్రైవర్ వంటివాటి జోలికి వెళ్లకూడదు.

పాత డెస్క్‌టాప్‌లకు ఈ జాబితా ఇంత బరువు కావడానికి కారణం హార్డ్ డిస్క్. నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లెం మీద, సన్నని చేయి అటూ ఇటూ కదిలి సమాచారాన్ని వెతుకుతుంది. ఒక్కో వెతుకులాటకు సుమారు పది మిల్లీసెకన్లు. అంటే చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని సెకనుకు వంద చోట్ల నుంచి తేవడమే గగనం. ఒకే గుమాస్తా ఉన్న కౌంటర్ దగ్గర ఇరవై మంది ఒక్కసారిగా చీట్లు చాపితే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గడి నూరు శాతం చూపిస్తూ నిమిషాల తరబడి దిగకపోతే అసలు రోగం అదే. హార్డ్ డిస్క్‌కు బదులుగా వేసే ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు, వెతుకులాట మిల్లీసెకనులో చిన్న భాగంలో ముగుస్తుంది. పాత డెస్క్‌టాప్ మీద ఒక్క ఖర్చే పెట్టగలిగితే అది ఎస్ఎస్‌డీ మీదే పెట్టాలి. కొత్త ప్రాసెసర్ కూడా ఇంత తేడా చూపించదు. ఎస్ఎస్‌డీ వేశాక పాత అలవాటు కొద్దీ డీఫ్రాగ్మెంట్ సాఫ్ట్‌వేర్లు తెచ్చి నడపక్కర్లేదు. అది ఏ రకం డిస్కో విండోస్ గుర్తించి, తగిన సంరక్షణ తనే చేసుకుంటుంది.

సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రబడితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ తర్వాత స్టోరేజ్ తెరవాలి. చోటు దేనికి పోతోందో అక్కడ పద్దులవారీగా ఉంటుంది. ‘స్టోరేజ్ సెన్స్’ ఆన్ చేస్తే తాత్కాలిక ఫైళ్లు వాటంతట అవే పోతాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను కూడా ఖాళీ చేయమనే ఎంపిక అందులో ఒకటి ఉంది. దాన్ని ‘నెవర్’ దగ్గరే ఉంచాలి, ఎందుకంటే ఆధార్ కాపీలు, మార్కుల మెమోలు చాలామందికి అక్కడే ఉంటాయి.

ఇంత సులువైన పనికి ‘ఒక్క క్లిక్‌తో వేగం’ అనే క్లీనర్లు ఎందుకు? విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే సాఫ్ట్‌వేర్లను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. అక్కడ నాలుగు పాత పద్దులు మిగిలిపోతే వేగం తగ్గదు. తీయకూడని పద్దు ఒక్కటి తీసేస్తే మాత్రం విండోస్ తెరుచుకోకపోవచ్చు. పేరున్న క్లీనర్‌కైనా ప్రమాదం తప్పలేదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దుండగులు తమ కోడ్ చొప్పించారు. అది ఆ కంపెనీ సొంత డౌన్‌లోడ్ ద్వారానే సుమారు 22.7 లక్షల కంప్యూటర్లకు చేరింది. తెర కుడివైపు మూలన ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది’ అంటూ పదేపదే వచ్చే చీటీలు కూడా ఇలాంటి భయాన్నే వాడుకుంటాయి. చాలాసార్లు అవి ఏదో వెబ్‌సైట్‌కు పొరపాటున ‘అలౌ’ నొక్కడం వల్ల వచ్చే నోటిఫికేషన్లు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఆ సైటు అనుమతి తీసేస్తే ఆగిపోతాయి.

అప్‌డేట్ల విషయానికి వస్తే, విసుగు తెప్పిస్తాయని వాటిని ఆపేసేవాళ్లు 2017 మే 12ను గుర్తు చేసుకోవాలి. ఆ రోజు మొదలైన వానాక్రై దాడి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది, ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని చిక్కుకున్నాయి. వానాక్రై దూరిన కంతను పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకున్నవారు బయటపడ్డారు.

అలాగని అప్‌డేట్ ఎప్పుడూ మేలే చేస్తుందని కాదు. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను, ఫొటోలను తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని రోజుల్లోనే ఆపి, సరిచేసి, నవంబర్‌లో మళ్లీ ఇచ్చింది. అందుకే బ్యాకప్. ముఖ్యమైన ఫైళ్ల కాపీలు కంప్యూటర్లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, ఇంటికి దూరంగా మరొకటి ఉండాలి. ఆ మూడోది క్లౌడ్‌లో ఉన్నా చాలు. కాపీ అయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్కును తీసి పక్కన పెట్టాలి. తగిలించే ఉంచితే వానాక్రై లాంటిది దానికీ తాళం వేస్తుంది. రీస్టోర్ పాయింట్ ఉంది కదా అనుకుంటే పొరపాటే, అది విండోస్ సెట్టింగులను వెనక్కి తెస్తుంది గానీ పోయిన పెళ్లి ఫొటోలను తేలేదు. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట యూపీఎస్ కూడా సంరక్షణ కిందికే వస్తుంది. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే విండోస్ పాడయ్యే అవకాశం ఉంది.

ఇక కంప్యూటర్‌ను మనకు తగ్గట్టు మలచుకునే పని. తెలుగువాళ్లకు అది వాల్‌పేపర్‌తో కాకుండా భాషతో మొదలు కావాలి. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లోని భాషల జాబితాకు తెలుగు జోడించి, దాని ఆప్షన్లలో ‘తెలుగు ఫొనెటిక్’ ఎంచుకుంటే ఇంగ్లిష్ అక్షరాల ఉచ్చారణతోనే తెలుగు టైప్ చేయవచ్చు. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే రెండు భాషల మధ్య మారవచ్చు. రోజూ పేజీల కొద్దీ రాసేవాళ్లు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటే మేలు. ఎనభైల్లో భారత ప్రభుత్వం రూపొందించిన ఈ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. విండోస్‌కు బదులు వాడుకోగల లినక్స్‌లోనూ ఇదే అమరిక ఉంది, కాబట్టి ఒకసారి వేళ్లకు పట్టుబడితే సిస్టమ్ మారినా ఇబ్బంది లేదు.

ఫాంట్ల దగ్గర మరో చిక్కు. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి ఉన్న ‘గౌతమి’, తర్వాత వచ్చిన ‘వాణి’ విండోస్ 10కి వచ్చేసరికి అదనపు జాబితాలోకి వెళ్లాయి. పాత ఫైలు తెరిస్తే అక్షరాల రూపు మారి, పేజీలు అటూ ఇటూ జరిగాయంటే కారణం అదే కావచ్చు. ఆప్షనల్ ఫీచర్స్‌లో ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్చుకుంటే అవి తిరిగి వస్తాయి. ఒత్తులు కలిసిపోయి కనిపిస్తున్నాయనే పెద్దవాళ్ల కోసం యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ సైజును 225 శాతం దాకా పెంచవచ్చు. ఇంట్లో పెద్దలు కంప్యూటర్ వాడుతుంటే అన్నిటికంటే ముందు చేయాల్సిన మార్పు ఇదే.

డీటీపీ సెంటర్ల సంగతి వేరు. శుభలేఖలు, కరపత్రాలు వేసే చాలా దుకాణాల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే ఆధారం. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను అక్షరాలు యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అవి అర్థంలేని గుర్తుల్లా కనిపిస్తాయి. కాబట్టి అలాంటి యంత్రాన్ని ఫార్మాట్ చేసేముందు ఫైళ్లతో పాటు ఆ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకునే డిస్కును, లైసెన్సును కూడా పదిలపరచుకోవాలి. వాటి కోసమే విండోస్ 7ను నిలబెట్టుకున్నవాళ్లు ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, మెయిళ్లకూ పేమెంట్లకూ వేరే కంప్యూటర్ వాడటం క్షేమం. పాత పనిని కొద్దికొద్దిగా యూనికోడ్‌లోకి మార్చుకోవడం ఎంత ముందుగా మొదలుపెడితే అంత మంచిది.

పాత విండోస్‌తో ఏం చేయాలన్న ఇలాంటి ప్రశ్నే ఇప్పుడు విండోస్ 10 వాడేవాళ్లందరి ముందూ ఉంది. 2015 జూలై 29న వచ్చిన ఆ వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడకందారులకు మరో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా సవరణలు ఇస్తామని ప్రకటించింది. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతివే అర్హమైనవి. అందువల్ల బాగా పనిచేస్తున్న యంత్రాలెన్నో గడప బయటే ఆగిపోయాయి.

వాటిని పాత సామాను కొట్టుకు తరలించక్కర్లేదు. ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో హాయిగా నడుస్తుంది, దాని అమరిక విండోస్‌కు అలవాటు పడ్డ చేతికి కొత్తగా అనిపించదు. తెలుగులోనే కనిపించే లినక్స్ కోసం హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ పనిచేసింది. పోతన, వేమన ఫాంట్లు కూడా లినక్స్‌లో సులువుగా దొరుకుతాయి. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్ తెరిచేటప్పుడు అక్కడి నుంచే బూట్ చేస్తే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే వాడి చూడవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు కొంత నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి వేగాన్ని అంచనా వేయకూడదు. ఆ పరీక్షలో వైఫై దొరుకుతోందా, ప్రింటర్ పలుకుతోందా, తెలుగు టైప్ అవుతోందా, బ్యాంకు వెబ్‌సైటు తెరుచుకుంటోందా అని చూసుకుని, ఫైళ్లన్నీ మరో డిస్కులో ఉన్నాయని రూఢి చేసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కాలి.