నంబరు పలకను మార్చుట యేల?

మన సంఘ సభ్యులొకరు గత మాసమున ఎరువుల కొఱకు వచ్చినపుడు మమ్మొక ప్రశ్న యడిగిరి. వారి కుమారుడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. కారు నంబరు పలకకు ఏడేండ్లు నిండగనే దానిని మార్చి, క్రొత్తదానికి రుసుము చెల్లింపవలసి వచ్చెనట. "పలక విఱుగలేదు, వంగలేదు, అంకెలు చక్కగా కనబడుచున్నవి. ఇది సొమ్ము గుంజుటకు సర్కారువారు పన్నిన ఉపాయము కాదా, అయ్యా?" అని వారి సందేహము. ట్రాక్టరు గల రైతులకు కూడ సంబంధించిన విషయమగుటచే ఇచట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

తొలుత ఆ దేశమున సర్కారు పలకలే లేవు. న్యూయార్కు రాష్ట్రము 1901లో మోటారు బండ్లను నమోదు చేయవలెనని చట్టము చేసినపుడు, యజమాని తన పేరులోని మొదటి అక్షరములను తోలుమీదనో చెక్కమీదనో తానే వ్రాయించి బండికి తగిలించుకొనెడివాడు. 1903లో మసాచుసెట్స్ రాష్ట్రము ఇనుప రేకునకు పింగాణిపూత పూయించి తానే పలకల నిచ్చెను. అటుపిమ్మట పెక్కు రాష్ట్రములు ఏటేట క్రొత్త పలక నిచ్చు పద్ధతి నవలంబించినవి. ఏటేట రంగు మారుటచే, ఆ యేటి రుసుము చెల్లించినవాడెవడో పోలీసు జవాను దూరమునుండియే గుర్తింపగలిగెడివాడు. పలక యనగా అప్పుడు రసీదు వంటిదే.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇనుము ఆయుధములకు మళ్లెను. ఇల్లినాయ్ రాష్ట్రము 1943 మొదలు 1948 వఱకు సోయా చిక్కుడు నుపయోగించి చేసిన అట్టపలకల నిచ్చెను. మేకలు, ఆవులు బండ్ల వెనుకకు చేరి వానిని నమలివేసెడివని నేటికిని చెప్పుకొందురు. సోయాపిండి పశువులకు మంచి దాణా యని మేము ఎన్నో గ్రామములలో బోధించితిమి. ఆ పశువులకు మాత్రము ఎవరును చెప్పనక్కఱలేకపోయెను.

ఏటేట రేకు మార్చుట దండుగని తోచి, పలక మూలను చిన్న చీటి అంటించు పద్ధతి తరువాత వ్యాపించినది. మఱి ఇప్పుడు పలకను మార్చుట యేల? వెలుగు కొఱకు.

రాత్రివేళ టార్చిలైటుతో కొట్టములోనికి పోయినపుడు ఎద్దు కన్నులు మెఱయుట మీరెఱుగుదురు. ఆ కన్నులలో దీపము లేదు. మన వెలుగే కంటి వెనుకనున్న పొరకు తగిలి మన వైపునకే మరలి వచ్చును. నేటి పలకలమీది పొరయు నట్టిదే. అందులోని సన్నని గాజు పూసలు, వెనుక వచ్చు బండి దీపమును ఆ బండివాని వైపునకే త్రిప్పి పంపును. మామూలు రంగు పలకకంటె కనీసము 100 రెట్లు ప్రకాశింపవలెనని మిన్నెసోటా చట్టము. అయితే ఎండ, దుమ్ము, గట్టి తోముడు, మంచు కరగుటకై రోడ్లపై చల్లు ఉప్పు, వీనిచే ఆ పొర క్షీణించును. పగలు చూచినవానికి ఇది తెలియదు. అంకెలు చక్కగనే యుండును. రాత్రి మాత్రము పలక గ్రుడ్డిదగును.

అయినను మన సభ్యుని సందేహము నిరాధారము కాదు. 2019 ఆగష్టులో న్యూయార్కు గవర్నరు, పదేండ్లు దాటిన పలకల నెల్ల మార్చవలెననియు, అందులకు 25 డాలర్లు, పాత నంబరే కావలెనన్న మఱి 20 డాలర్లు ఈయవలెననియు ప్రకటించెను. పలక చెడినదో లేదో చూడక ఏండ్లు లెక్కించి రుసుము విధించుట యేమని ప్రజలు ఆక్షేపింపగా, ఆ నిర్బంధము అమలునకు రాలేదు. గడువు పెట్టుట న్యాయమే యని మా యభిప్రాయము. కాని వెల యెట్లు కట్టిరో చెప్పనిదే జనులు నమ్మరు.

మన దేశమున ఇట్టి ఏండ్ల గడువు లేదు. తెలంగాణలో 2024 మార్చిలో టీఎస్ అక్షరములు టీజీగా మారినపుడును క్రొత్త బండ్లకే ఆ మార్పు వర్తించెను. 2019 ఏప్రిల్ 1 నుండి క్రొత్త బండ్లకు బిగించు అల్యూమినియపు పలకకు అశోకచక్రపు ముద్ర, లేజరుతో చెక్కిన సంఖ్య, ఊడదీసి మరల బిగింపరాని తాళము ఉండును. దానికిని మెఱయు పొర కలదు.

గత వారము రాత్రి, ఆ సభ్యుని ట్రాలీ వెనుక నిలిచి టార్చిలైటు వేసి చూచితిమి. ఎండిన బురదను తడిగుడ్డతో తుడిచిన పిమ్మట పలక ఎడమ సగము తళుక్కున మెఱసెను. కుడి సగము మెఱయలేదు. గడ్డి కట్టిన తాళ్లు ఒరసికొని పొర లేచిపోయినది. కోతలు దగ్గఱ పడినవి, ధాన్యము తోలుట రాత్రులందే. మఱునాడే వారు క్రొత్త పలకకు రుసుము కట్టి వచ్చిరి.