బరువు పెరిగితే గుద్దు పెరుగుతుందా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు బండలాగుడు పోటీల్లో ఎద్దులను పళ్లను బట్టి విడదీస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, అలా సీనియర్ల దాకా. బాక్సింగ్‌లో ఆ పని తూకానిది.

2010 నాటికే మేరీ కోమ్ 45 నుంచి 48 కిలోల మధ్యే అయిదుసార్లు ప్రపంచ విజేత. కానీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళలకు అతి చిన్న విభాగమే 51 కిలోలు! తప్పక పైకెక్కింది, కాంస్యం గెలిచింది. ఎలా? పెరిగిన బరువు కండైతే గుద్దులో జోరు పెరుగుతుంది, కొవ్వైతే కాళ్లకు భారమే. తూకం కోసం కడుపు మాడ్చుకునే బాధ తప్పుతుంది. చిన్న విభాగంలో అబ్బిన వేగం ఎటూ ఉంటుంది.

నిజామాబాద్ నిఖత్ జరీన్‌ది తిరుగుదారి. 2022లో 52 కిలోల ప్రపంచ టైటిల్, 2023లో 50 కిలోలది. నన్నడిగితే దిగడమే కష్టం. మరెందుకు దిగింది? పారిస్ ఒలింపిక్స్‌లో 52 కిలోల విభాగం లేదు.