కాచినవారి నేల



అనంతపురము సీమ కడు మెట్టసీమ. అచట సంవత్సరమునకు వాన సుమారు 22 అంగుళములు మాత్రమే. అందు చెన్నేకొత్తపల్లి ప్రాంతపు కొండలు గొడ్డలిచేతను నిప్పుచేతను బోడులైపోయెను. 1992 ప్రాంతమున ముష్టికోవెల మొదలగు గ్రామములవారు, టింబక్టు కలెక్టివ్ అను సంస్థ తోడ్పాటున, ఆ కొండలను కాయ నారంభించిరి. కావలివారిని నియమించిరి, వేసవిలో నిప్పు వ్యాపింపకుండ గడ్డి కోసి బాటలు తీసిరి, పచ్చి చెట్టు నరకరాదని కట్టుబాటు చేసికొనిరి. నేలలో బ్రదికియున్న వేళ్లు తామే చిగిర్చెను. పశువులకు మేతయు, ఇండ్లకప్పునకు బోదగడ్డియు దొరకెను. ఆ యడవికి కల్పవల్లి యని పేరిడిరి.

అయితే సర్కారు లెక్కలలో అది బంజరే. 2010 ప్రాంతమున గాలిమరల నిమిత్తము కొండలపై బాటలు త్రవ్వబడగా, కాచిన చెట్లనేకములు పోయెను. నాబోతు ద్రాక్షతోట యెట్లు పోయెనో యెరుగుదుము; అతనికి పిత్రార్జితపు హక్కైన నుండెను, వీరికి కాగితమే లేకపోయెను.

ఆఫ్రికాలోని నైజరు దేశమునను, చెట్లు సర్కారువను నియమము సడలిన పిమ్మటనే, రైతులు తమ పొలములలోని మోళ్ల చిగుళ్లను విరివిగా కాచిరి.

పరుల నేలపై కష్టించు మనకిందు బుద్ధి గలదు. కూడి కాచిన నేల పచ్చనగును. అయినను కాచినవారి పేరు పత్రమున నెక్కవలెను. మీ దొడ్లును మేత భూములును ఎవరి పేరనున్నవో అందరును కూడి విచారింపుడు.